మేకసారు పరీక్ష

శ్రావణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. సౌదీల, దమ్మాంల ఉన్న మొగడు శ్రీధర్ మెసేజ్ పెట్టుడు బంద్ చేస్తడేమోనని. దసరా నుంచి ఫోన్‌ల ఆయన గొంతు లేదు. కంపెనీల మాట్లాడనిస్తలేరని రాసిండు. ఉన్న ఆధారం ఆ రాతొక్కటే.

అందుకే ఆ పొద్దు బిడ్డ మనీషా రెక్క పట్టి రాయికల్ బడిలకు గుంజుకొచ్చింది. బొమ్మల పుస్తకాన్ని రజని మేడం బల్ల మీద ఇసిరి కొట్టింది.

"చదువు చెప్పమంటే అబద్ధాలు నేర్పుతున్నరా మేడం?"

"ముందు పుస్తకాన్ని గట్ల ఇసురుడు ఆపు. సర్కారుది. చినిగితే మళ్ల రాదు."

"చింపుతనే! గీ కండ్లద్దాల మేకను చదివి నా పోరి వాళ్ల నాయనకు ఏం పంపిందో సూడుండ్రి."

ఫోన్ మేడం మొఖం ముందల పెట్టింది. 'నాన్నా, నువ్వు నన్ను సైకిల్ మీదికెల్లి పడేస్తే నా చెయ్యి ఇరిగింది, యాదికున్నదా?'

"మాకు సైకిలే లేదు! దీని చెయ్యి ఎన్నడిరిగింది? ఆయన అక్కడ ఎండల సస్తుంటే గిసొంటి నింద ఏస్తే కోపం రాదా? మెసేజ్ బంద్ చేస్తే మా ఇల్లు మీరు నడుపుతరా?"

"మీద పడకమ్మా. దాన్నే అడుగుదాం. మనీషా, ఎందుకు పంపినవే?"

మనీషా ముక్కు తుడుచుకుంట పేజీ తీసింది. మేకతోలు కప్పుకొని మందల దూరిన పులిని కండ్లద్దాల మేకసారు అడుగుతున్నడు: 'నిన్న మనిద్దరం తిన్న చేప ఎట్లున్నది తమ్మీ?' పులి లొట్టలేస్తున్నది: 'మస్తున్నదన్నా!' కింద పెద్ద అక్షరాలు: ఊహించు. పరీక్షించు. అప్పుడు నమ్ము.

"మేకలు చేపలు తింటయా మేడం?" అన్నది మనీషా. క్లాసంత పక్కున నవ్వింది.

"నవ్వుండ్రి! నా సంసారం మీకు నవ్వులాట..."

ఫోన్ టింగుమన్నది. శ్రావణి గబుక్కున చూసింది. మొఖం తేటపడ్డది.

"కొండగట్టు అంజన్న ఉన్నడు! కోపం చెయ్యలే. ఇనుండ్రి మేడం. 'అప్పుడు నాదే తప్పు బిడ్డా. ఆ చెయ్యి ఇంకా నొస్తున్నదా?'"

చదివినంక ఆమె చూపు ఎన్నడు ఇరగని మనీషా చేతి మీద పడి ఆగిపోయింది. ఈసారి క్లాసుల ఒక్కరు నవ్వలేదు.

దమ్మాం దిక్కు మీవాళ్లెవరన్న ఉంటే, రాయికల్ శ్రీధర్‌ను ఒక్కసారి పోయి చూసి రమ్మనుండ్రి. మెసేజ్ వద్దు. ఆయన గొంతు వినిపించమనుండ్రి.