ఉమాపతి ముక్కు

ఆ ఆదివారం ఏలియా చర్చికి పోలేదు. పోతే పాస్టరుగారు క్షమించమంటారు. క్షమించే ఉద్దేశం ఏలియాకు లేదు.

పొద్దున ఆరింటికే ఉప్పల్ చౌరస్తాలో ఫ్యాక్టరీ వ్యాను ఎక్కాడు. నాచారంలోని ఆ మందుల ఫ్యాక్టరీని ఏటా మే నెలలో వారం రోజులు మూసి మిషన్లు బాగుచేస్తారు. ఆ వారంలో ఒకరోజు పనివాళ్లంతా కలిసి గుట్టలెక్కడం అలవాటు. ఈసారి భువనగిరి అవతలి గుట్టలు.

ముందు సీట్లోంచి సూపర్‌వైజర్ ఉమాపతి వెనక్కి తిరిగాడు.

"ఏలియా, నువ్వొస్తవనుకోలే."

"మీరొస్తున్నరని తెల్సే వచ్చిన సార్."

కిందటేడు ఏలియా అన్న దేవసహాయం ట్యాంకు కడగడానికి దిగి చచ్చిపోయాడు. ఆ ఫ్యాక్టరీలో గ్యాసు కనిపెట్టే మీటరు లేదు. ఇరవై ఏళ్లుగా ఉమాపతి ముక్కే మీటరు. ఆ ముక్కు పుణ్యమాని ఆయన హెల్పరు నుంచి సూపర్‌వైజర్ అయ్యాడు. ట్యాంకు మూత దగ్గర వంగి, వాసన చూసి, ఆయన దిగమంటే దిగాలి, వద్దంటే ఆగాలి. ఆ రోజూ వంగి చూసి, "ఏం వాసన లేదు, దిగు" అన్నాడు.

గేటు దగ్గర టీ తాగుతున్న ఏలియాకే కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. గ్లాసు పారేసి పరుగెత్తాడు. అప్పటికే అంతా అయిపోయింది.

విచారణలో ఉమాపతి ప్రమాణం చేసి మరీ, తనకు ఏ వాసనా రాలేదన్నాడు. పచ్చి అబద్ధం! పని ఆగితే మేనేజరు తిడతాడని మనిషిని చంపి, పైగా ప్రమాణం! అప్పటినుంచి ఆ ముక్కు కనబడితే చాలు, ఏలియాకు ఒళ్లు మండిపోయేది.

రెండురోజుల కిందటి వానకు గుట్ట కడిగినట్టుంది. రేలచెట్లు పచ్చగా విరగబూశాయి. కొండముచ్చులు పిల్లల్ని పొట్టకు కరిపించుకుని బండల మీద కూర్చున్నాయి. ఎక్కడో నెమలి అరిచింది. ప్యాకింగ్ సెక్షన్ కమలకుమారి ఒక తెల్లపూల కొమ్మను వంచింది.

"సార్, మల్లెల వాసనొస్తున్నది, సూడున్రి."

ఉమాపతి కళ్లు మూసుకుని పీల్చాడు. "అవునవును, అచ్చం మల్లెలే."

"సారు ముక్కంటే ముక్కే!" అని అందరూ నవ్వారు.

ఏలియా పళ్లు నూరాడు. అడవిపూల వాసన తెలుస్తుందట, మనిషిని మింగే గ్యాసు తెలియదట!

మధ్యాహ్నం అందరూ చెట్టునీడన పులిహోర పొట్లాలు విప్పారు. ఏలియా ఉమాపతి దగ్గరికి వెళ్లాడు.

"సార్, పైకి పోతే చెరువు మస్తు కనబడ్తది. జర వస్తరా?"

"నడువు."

గుట్ట అంచు కింద రెండు తాటిచెట్ల లోతు. అడుగున అన్నీ బండలే. పోయిన ఆదివారం ఏలియా ఒక్కడే వచ్చి చూసి వెళ్లాడు. కాలు జారిందంటే అడిగేవాడు లేడు. ఉమాపతి అంచున నిలబడి చెరువు వైపు చూస్తున్నాడు. ఏలియా ఒక్క అడుగు వెనక ఆగాడు.

"మా అన్న యాదికున్నడా సార్?"

"ఎట్ల మర్సిపోత? కండ్లు మూస్తే వాడే."

"అయితే ఇప్పుడన్న నిజం చెప్పున్రి. గా నాడు వాసన వచ్చిందా, లేదా?"

ఉమాపతి వెనక్కి తిరగలేదు.

"రాలేదు."

ఇంకా అదే అబద్ధం! ఏలియా చెయ్యి లేచింది. సరిగ్గా అప్పుడే గాలి ఇటు తిరిగి, చచ్చిన గొడ్డు కంపు గుప్పున కొట్టింది. ఉమాపతి కాళ్ల దగ్గర బండసందులో అడవికంద పువ్వు విచ్చుకుని ఉంది, నల్లటి ఎరుపు రంగులో. కంపు దానిదే, మీద ఈగలు ముసురుతున్నాయి. ఏలియా ఎడమచేత్తో రుమాలు ముక్కుకు అదుముకుని, కుడిచెయ్యి ఆ వీపుకు జానెడు దూరంలోకి తెచ్చాడు.

ఆ మాట దాటేయడానికే అన్నట్టు ఉమాపతి ఆ పువ్వు మీదికి వంగి, ముక్కు ఆనించి, గుండె నిండా పీల్చి, "అబ్బ, ఎంత కమ్మటి వాసన ఏలియా, అచ్చం సంపెంగలే!" అన్నాడు.