గంగమణి తొందర

1989 మార్చి. ఆర్మూర్‌లో కాలేజీల వంద మీటర్ల ఫైనల్. గెలిస్తే గంగమణికి యూనివర్సిటీ టీములో చోటు ఖాయమని పీటీ సారు బాబురావు ఊరంతా చెప్పుకున్నాడు.

పిస్తోలు పేలకముందే ఆకాశం ఉరిమింది. గీత దగ్గర వంగి ఉన్న గంగమణి దూసుకుపోయింది.

"ఉరుముకే ఉరికింది!" అని గ్రౌండంతా నవ్వింది. ఆమె మాత్రం ట్రాక్ వదిలేసి, గేటు దాటి కనుమరుగైంది.

అలవాటుగా స్టాప్‌వాచ్ నొక్కేసిన సారు, సైకిలెక్కి వెంటపడ్డాడు. ఎంత తొక్కినా అందలేదు.

ఊరివాళ్లు పసుపు ఆరబోసుకునే బీడులో చినుకులు మొదలయ్యాయి. ఎవరి పసుపు వాళ్లు కప్పుకుంటున్నారు. గంగమణి ఒక్కతే పెద్ద టార్పాలిన్ లాగుతోంది. సారు రొప్పుతూ వచ్చి ఆమె పక్కన సైకిలాపాడు.

"యూనివర్సిటీ చేతికొచ్చి పోయింది గదనే! పసుపు కప్పనీకి మీ ఇంట్ల ఇంకెవ్వరు లేరా?"

"కండ్లద్దాలు తుడ్సుకొని చూడున్రి సార్. మాది నిన్ననే ఇంట్లకెత్తినం. గిది మీది. పొద్దుగాల ఆరబోసి, నా పరుగు ఫికర్ల మర్శిపోయిండ్రు."

సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సైకిల్ పడేసి టార్పాలిన్ అంచు పట్టుకున్నాడు. మెడలో స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తోంది.

"టైమెంతొచ్చింది సార్?"

"పరుగు ఇంకా అయిపోలే. ముందుగాల గా కొస గుంజు!"