ఇద్దరికీ ఒకే చల్లగది

ఎండలు ముదరగానే ఇందుమతి కొట్లో ఇడ్లీపిండి మధ్యాహ్నానికే పులిసిపోతోంది. చీరాలలో ప్రతి కొట్టుకూ ఉన్నట్టే ఆమెకూ ప్రభుత్వ గ్రాంట్లు వెతికిపెట్టే యంత్రం ఉంది. ఆ ఉదయం అది, "అమ్మా, సరుకు పాడవకుండా దాచుకునే చల్లగదికి రాష్ట్రం సగం, కేంద్రం సగం ఇస్తాయట. రెండు కొట్లు కలిసి అడగాలి. పక్కన పూలకొట్టు హుసేన్‌బీ గారి యంత్రంతో మాట్లాడనా?" అంది.

రెండు కొట్ల ముందున్న మురుగుకాలువ గురించి గొడవపడ్డప్పటి నుంచి ఇందుమతికీ హుసేన్‌బీకీ మాటల్లేవు.

"వద్దు, నేనే అడుగుతాను," అని ఇందుమతి వెళ్లింది.

హుసేన్‌బీ స్టూలు జరిపింది. "మా యంత్రం కూడా పొద్దున్నే చెప్పింది. నువ్వొస్తావో రావోనని చూస్తున్నా వదినా."

ఆ పిలుపుతో ఇందుమతి మనసు తేలికపడింది. ఇద్దరూ కలిసి అర్జీ పెట్టారు, నెల తిరక్కుండానే గది వచ్చింది.

"నీ మల్లెల వాసన నా పిండికి పడితేనో?" అంది, మొదటి గిన్నె లోపల పెడుతూ.

"పట్టనీ, ఊరంతా నీ ఇడ్లీలే అడుగుతారు," అని నవ్వింది హుసేన్‌బీ.