ఇంగువ డబ్బా

పొయ్యి వేడిని పసిగట్టి వచ్చి ఇల్లు తగలబెట్టే శత్రువుల బాంబులు వచ్చాక, ఆ వీధిలో ఎవరూ పొయ్యి ముట్టించడం లేదు. అందరికీ నానబెట్టిన అటుకులే. హైమావతి పక్కింటి సువర్చల వంటగదిలోంచి మాత్రం రోజూ ఇంగువ వాసన గుప్పుమనేది. ఆమె మొగుడు మన సైన్యానికి అలాంటి బాంబులే చేస్తాడు. వేడి బయటికి పొక్కని పొయ్యి ఏదో తెచ్చిపెట్టి ఉంటాడని హైమావతికి కడుపు మండిపోయేది.

ఆ రోజు ఉండబట్టలేక వెళ్లి చూసింది. పొయ్యి నిండా బూజు. సువర్చల ఇంగువ డబ్బా మూత తీసి, అటుకులు తింటున్న కూతురి ముక్కు దగ్గర పెడుతోంది.

"ఈ వాసన తగిలితేగానీ దీనికి ముద్ద దిగదొదినా. మా ఆయన బాంబుల భయానికి అవతలి ఊళ్లలో పిల్లలు ఏం తింటున్నారో మరి," అంది.

హైమావతి ఆ మాట విననేలేదు. తన డబ్బా కిందటి నెలే ఖాళీ అయింది. సువర్చల డబ్బాలో ఇంకా సగం ఉంది.