వాగు దాటించిన వీపు

ఆ వాగు మీద వంతెన లేదు. ఉన్నదల్లా తాత వీపు. అలాంటి వీపు చుట్టుపక్కల నాలుగూళ్లలో లేదని తాతే చెప్పేవాడు, ఇంకెవరూ చెప్పరు గనక. వరదొస్తే వాగే ఆ వీపును చూసి పక్కకు తప్పుకుంటుందని కూడా కోతలు కోసేవాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. తాత, తొమ్మిదో తరగతి మనవరాలు. వానలు మొదలైనప్పటినుంచీ పిల్ల బడి ముఖం చూడలేదు. చివరికి ఒకరోజు హెడ్మాస్టరే ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత పట్టుకుని వాగు దాటి వచ్చాడు.

"సోమవారం నుంచి రాకపోతే పేరు తీసెయ్యాల్సిందేనమ్మా. ఇక నా చేతుల్లో లేదు. అసలు అడ్డమేమిటి నీకు?"

పిల్ల తాత వైపు చూసింది. తల దించుకుంది.

"వాగు సార్."

"మోకాలి లోతేగా! నేను రాలేదూ?"

గుమ్మం పక్క మంచంలోంచి తాత దగ్గాడు.

"అయితే వీపెక్కించుకుని దాటడమే. ఏమంటావే?"

"అందరూ నవ్వుతారు తాతా!"

"నవ్వనీవే. పళ్లున్నవాళ్లు నవ్వుకుంటారు, మనదేం పోయింది?"

సోమవారం పొద్దున్నే ప్రయాణం మొదలైంది. నడి వాగులో తగువు కూడా మొదలైంది.

"గట్టిగా పట్టుకో తాతా!"

"పట్టుకునే ఉన్నానే. నువ్వు కుదురుగా ఉండు, లేదంటే ఇద్దరం పోతాం!"

"అమ్మో, తిన్నదంతా ఎక్కడికి పోతోందో ఇవాళ తెలిసింది!"

"చాల్లే, దిష్టి పెట్టకు!"

అవతలి గట్టున పిల్లలు ఈలలు వేశారు. హెడ్మాస్టరు మాత్రం చప్పట్లు కొట్టాడు.

"వీపంటే అదీ!"

తాత మీసం మెలేశాడు.

సాయంత్రం మళ్లీ దాటాలి కదా, మధ్యలో ఇంటికి పోయి చేసేదేముంది? తాత తొమ్మిదో తరగతిలోనే వెనక గోడకానుకుని కూర్చున్నాడు. హాజరు పిలిస్తే పిల్లతో పాటు తనూ పలికాడు. లెక్కల గంటలో గురక పెట్టాడు. సైన్సు మేడం కోపంగా లేచి నిలబడమనబోయి, ఎందుకో ఊరుకుంది.

ఆ ఏడాది పిల్ల మళ్లీ ఒక్క నాగా పెట్టలేదు. పాసైంది కూడా. తాతకు లెక్కలు మాత్రం ఇప్పటికీ రావు.

ఇందులో నేను కల్పించింది తాత వీపు ఒక్కటే; ఆ వీపు మనవరాలిది, ఆ వానల మొదట్లోనే కాళ్లు పడిపోయి దాని మీద మూటలా వేలాడిన తాతను నేను.