పక్కపక్కన

"వేలితో జరుపు షిహాతా బాబాయ్, కరవదులే," అంది ప్రదర్శనలు అమర్చే నెర్మీన్. కైరో మ్యూజియంలోని పాత హాలంతా ఆమె చేతిలోని ట్యాబ్ తెరమీద ఉంది. అందులో ఏ వస్తువును ఎక్కడికైనా మార్చి చూసుకోవచ్చు.

"ఈ భార్యాభర్తల శవపేటికలు వందేళ్లుగా చెరో గోడకు ఉన్నాయి. పక్కపక్కన పెట్టాను. బాగుంది కదూ?"

కాపలాదారు షిహాతా ముఖం ముడుచుకున్నాడు. "ఆవిణ్ణి అడిగావా?"

"మూడువేల ఏళ్ల కిందట పోయినావిణ్ణి ఎలా అడగను?" ఆమె నవ్వింది.

"మా ఆవిడ పోయేముందు అడక్కుండానే చెప్పింది. తన పుట్టింటివాళ్ల సమాధిలో పెట్టమంది. నేను మావాళ్ల దాంట్లోనే, నా చోటు పక్కన పెట్టించాను. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ చోట పడుకోవాలంటే భయమేస్తోంది."

నెర్మీన్ తెరను అతని ముందుకు జరిపింది.

షిహాతా వేలితో ఆ భార్య పేటికను ఎదుటి గోడదాకా జరిపాడు.

"ఇందులో ఎంత తేలిగ్గా జరుగుతోందమ్మా," అన్నాడు.