ఎర్ర మడత సైకిల్

రెండు మడత సైకిళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. నాగేందర్ నాలుగు రోజులు వాటి చుట్టూ తిరిగాడు.

నీలంది తేలిక. ఒంటిచేత్తో ఎత్తి బస్సులో పెట్టొచ్చు. కానీ చక్రాలు మరీ చిన్నవి. ట్యూబు పోతే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. అది వచ్చేదాకా నడక తప్పదు. ఎర్రది కాస్త బరువు. అయితేనేం, దానికి పిల్లల సైకిల్ ట్యూబే సరిపోతుంది. ఏ కొట్లోనైనా దొరుకుతుంది. చైను, బ్రేకు తీగలు కూడా అంతే. తనది రోజూ నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సు ప్రయాణం, దిగాక రైస్‌మిల్లుకు ఐదు కిలోమీటర్లు. అలాంటివాడికి సోకులెందుకు? ఎర్రదే తీసుకున్నాడు.

తీసుకున్నాక తెలిసింది, దానికీ ఒక మెలిక ఉందని. మడత దగ్గర బిగించే క్లాంపు మామూలుది కాదు. అది అరిగితే సైకిల్ నడిరోడ్డు మీదే ముడుచుకుంటుంది. బోధన్ మొత్తంలో దాన్ని తెప్పించగలిగినవాడు బస్టాండు వెనకాల ఆత్మారాం ఒక్కడే. అతని బావమరిదికి నాందేడ్‌లో సైకిల్ దుకాణం ఉంది.

ఆర్నెల్లు నాగేందర్ రాజాలా తిరిగాడు. అందరికంటే ముందే మిల్లుకు చేరి, సేటు మెప్పు పొంది, కాంటా దగ్గర కుర్చీ సంపాదించాడు. ఈలోగా క్లాంపు అరిగింది. కొత్తది తెప్పించమని ఆత్మారాంకు చెప్పాడు. ఆ వారమే, బస్టాండు హోటల్లో చాయ్ తాగి బయటికొచ్చేసరికి గోడకు ఆనించిన సైకిల్ లేదు.

కడుపు మండిపోయింది. నడిచి పోతే రోజూ ఆలస్యమే. నాలుగో రోజున సేటు ఆ కుర్చీలో ఇంకొకణ్ని కూర్చోబెట్టి, నాగేందర్‌ను బస్తాలు మోయడానికి పంపాడు. వీపు మీద బస్తా పడ్డప్పుడల్లా నాగేందర్ ఆ దొంగకు శాపనార్థాలు పెట్టాడు. వాడి చేతులు పడిపోవాలి. వాడికి కూడు పుట్టకూడదు.

"ఠాణాల కంప్లెయింట్ ఇయ్యరాదే?" అన్నాడు ఆత్మారాం.

"పోలీసోళ్లు ఏం జేస్తరే? రాసుకుంటరు, మర్సిపోతరు. వాణ్ని నేనే పట్టాలె. నా చెప్పుతోనే కొట్టాలె. గప్పుడే నా కడుపు సల్లగయితది."

దొంగ ఎంత తెలివైనవాడైనా కానీ, ఆ క్లాంపుతో పది రోజులు తొక్కితే గొప్ప. ఆ తర్వాత ఆత్మారాం గడప తొక్కి తీరాల్సిందే. మిల్లు వదలగానే నాగేందర్ ఆ దుకాణానికి వచ్చి, స్టూలు మీద గోతికాడ నక్కలా కూర్చునేవాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఒక పెద్దమనిషి ఎర్ర సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు. కెనాల్ పక్క ఆంధ్ర రైతుల క్యాంపులో వ్యవసాయం చేసే గిరిబాబు.

"క్లాంపు లూజైందండి. మోడల్ నంబరు కాగితం కూడా తెచ్చాను," అంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

నాగేందర్ ఎగిరి కాలర్ పట్టుకున్నాడు. రెండు చెంపలూ వాయించాడు. కళ్లద్దాలు ఎగిరి పడ్డాయి.

"సూస్తే దొర లెక్క ఉన్నవ్. చేసేది దొంగతనమారా? నా నోటికాడి బువ్వ గుంజుకుంటివి గదరా."

చెప్పు తీశాడు. తొమ్మిది రోజుల కసి. ఒక్కో దెబ్బకు ఒక్కో బస్తా వీపు మీంచి దిగిపోతున్నట్టుంది.

గిరిబాబు తిరిగి కొట్టలేదు. కళ్లద్దాలు వెతుక్కుని, "స్టేషన్‌కి వెళ్దాం పదండి," అన్నాడు.

నాగేందర్ చెయ్యి ఆగింది. "ఠాణా ఎందుకు? సైకిల్ ఇడిసిపెట్టి పో. మాఫ్ చేసిన."

"లేదండి. వెళ్దాం."

"గట్లెట్ల ఇడుస్తవన్నా? దొంగను అప్పజెప్పాలె," అంటూ గుమిగూడిన జనమే ఇద్దరినీ, సైకిల్‌నూ ముందుకు తోసుకుపోయారు.

ఠాణాలో రైటర్ రామ్‌దాస్ కాగితం తీశాడు. నాగేందర్ మొదట నీళ్లు నమిలాడు. వెనక జనాన్ని చూసి ధైర్యం వచ్చింది. చాయ్ హోటల్ గోడ, పోయిన కుర్చీ, వీపు మీది బస్తాలు, అన్నీ చెప్పాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది. రామ్‌దాస్‌కు కూడా జాలేసింది.

"ఏడ్వకు తమ్మీ. నీ సైకిల్ నీకే ఇప్పిస్త. ఎక్కడ తీస్కున్నవ్ దీన్ని?"

నాగేందర్ గుమ్మం వైపు జరిగాడు.

జేబులోని కాగితం తీసి బల్ల మీద పెట్టి, తన పేరున్న బిల్లు మీద వేలు ఆనించి, గిరిబాబే జవాబు చెప్పాడు: "నిజామాబాద్ రైల్వే స్టేషన్ సైకిల్ స్టాండులో, నా తాళం కోసి తీసుకున్నాడండి."